చోటు దొరకని పేర్లు

ఈ వారమే మొదటిసారి ఈ కథలో అడుగు పెట్టినవాళ్లు కంగారు పడనక్కరలేదు. ఎక్కడ ఉన్నామో నాలుగు ముక్కల్లో చెబుతాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి, అంతే.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని కింద పోయిన పొలాలన్నీ ఒకే ఊరివి. ఆ ఊరు పేరుకే ఒకటి. పైవూరు, కిందూరు అని రెండుగా చీలి రెండు తరాలపాటు బాంబులు విసురుకుంది. చివరికి ఎట్లాగో రాజీ కుదిరింది. ఫ్యాక్టరీలో ఏ పనైనా సగం వాళ్లకు, సగం వీళ్లకు. కంట్రోలు రూములో పైవూరోళ్లది ఒక కుర్చీ ఉంటే, పక్కనే కిందూరోళ్లది ఒక కుర్చీ. కంప్యూటరు వాడే మనుషులకిచ్చే నంబర్లు కూడా పంచుకున్నారు. బేసి నంబర్లు పైవూరికి, సరి నంబర్లు కిందూరికి. అంతటితో ఆగారా? రెండు పక్షాల పెద్దల ఇళ్ల నుంచీ ఒక్కో బిడ్డ ఫ్యాక్టరీలో కొలువు చెయ్యాలని కూడా రాజీలో పెట్టుకున్నారు. సొంత నెత్తురు లోపలుంటే ఆ గోడ మీదికి ఎవరూ బాంబు విసరరు గదా! కిందూరు పెద్ద చిన్నసుబ్బమ్మ తన చిన్నకొడుకు చిన్నన్నను అట్లాగే జామీనుగా పంపింది.

ఆ ఫ్యాక్టరీ కంప్యూటరు ఉండుండి బిగుసుకుపోతోందని, కారణం కనిపెట్టమని కంపెనీవాళ్లు హైదరాబాదు నుంచి అరుణకుమారిని పిలిపించారు. జమ్మలమడుగు మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దేవపాలు సారు కూతురామె. ఆమె తన పరికరాన్ని లోపల పెట్టిన రోజునే కంప్యూటరు మునుపెన్నడూ లేనంత సేపు బిగుసుకుంది. బట్టీలోని వేడిని వెనక్కి లాగే ఫ్యాను ఆగిపోయింది. ఎర్రగా కాలిన పొడి తనిఖీ తలుపులోంచి బయటికి తన్నింది. ఆ తలుపు ముందు నిలబడి ఉన్న చిన్నన్న ఆసుపత్రికి చేరేలోపే కన్నుమూశాడు.

ఎవరో కావాలనే చేశారని కిందూరు లేచింది. మనిషి చెప్పే సాక్ష్యం ఏ పక్షమూ నమ్మే రోజులు కావు. మిషన్ ఏం చెబితే అదే ఖాయమని పెద్దలంతా ఒప్పుకున్నారు. పంచాయితీలో అరుణకుమారి తన పరికరం పట్టుకున్న పేర్లు చదివింది. కంప్యూటరు లెక్కలు దాచుకునే డిస్కును ఒకరే పట్టుకుని కూర్చుంటే మిగతా పనులన్నీ బిగుసుకుంటాయి. ఆ రోజు దాన్ని అందరికన్నా ఎక్కువ సేపు పట్టుకున్నది పైవూరు ఆపరేటరు ఓబులయ్య నంబరు. "మిషన్‌కు పార్టీ లేదు" అని కూడా ఆమే అంది. ఆ సాయంత్రమే ఓబులయ్య ఊరొదిలి పులివెందులలో భార్య ఓబమ్మ పుట్టింటికి పోయి తలదాచుకున్నాడు.

మర్నాడు పొద్దున అరుణకుమారి నాన్న ఇంటి వసారాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కంపెనీకి రిపోర్టు రాసి, బస్సెక్కి హైదరాబాదు వెళ్లిపోవాలని ఆమె తొందర. ఊరికి రావడమే ఒక పొరపాటు, వచ్చినందుకు ఒక మనిషి తలరాత తన నోటితో చదవాల్సి రావడం ఇంకో పొరపాటు అనుకుంటోంది. మూడోదాన్ని ఇంకా చూడలేదు.

ఆమె పరికరం ఏమిటో తెలియకపోతే ఆ పొరపాటు ఏమిటో తెలియదు. కంప్యూటరుకు గుండెకాయలాంటిదాన్ని కెర్నెల్ అంటారు. ఏ ప్రోగ్రాముకు డిస్కు కావాలన్నా దాని గుమ్మం తొక్కాల్సిందే. ఆ గుమ్మం దగ్గర అరుణకుమారి ఒక కాపలా పెట్టింది. ఏ నంబరు మనిషి, ఏ పని మీద, డిస్కును ఎంతసేపు పట్టుకున్నాడో గమనించడమే ఆ కాపలా ఉద్యోగం. వచ్చిన ప్రతిదాన్నీ విడివిడిగా రాసుకుంటూ పోతే ఆ రాతకే మిషన్ చతికిలబడుతుంది. అందుకని ఒక్కో పనికి ఒక్కో గడి. అదే పని మళ్లీ వస్తే అదే గడిలో మొత్తం పెరుగుతూ పోతుంది. గడులను వరుసలుగా పేర్చి, మనిషి నంబరును బట్టి అది ఏ వరుసో చిటికెలో తేలేలా చేసింది. వాళ్ల భాషలో దీన్ని హ్యాష్ టేబుల్ అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. కెర్నెల్ లోపల పని నడుస్తుండగా ఇంకొంచెం జాగా ఇమ్మని అడగకూడదు. అడిగితే అది దొరికేదాకా ఆగాలి, అక్కడ ఆగడమంటే మిషన్ మొత్తం ఆగడమే. అందుకే కావలసిన గడులన్నీ మొదట్లోనే తీసిపెట్టుకోవాలి. ఒక వరుస నిండిపోతే, ఆ వరుసకు కొత్తగా వచ్చినదాన్ని వదిలెయ్యడమే. పక్క వరుసలో చోటుందా అని వెతుక్కునే తీరిక ఉండదు. వదిలేసినవి మొత్తం ఎన్నో చెప్పే అంకె ఒకటి మాత్రం ఉంటుంది. ఆ రోజు ఆ అంకె చాలా పెద్దగా వచ్చింది. అరుణకుమారి దాన్ని చూసింది కూడా. నష్టం రెండు పక్షాలకూ సమానంగానే పడి ఉంటుందిలే, పైనున్న పేరు మారదులే అనుకుంది. అన్నీ సగం సగం పంచుకునే నేల మీద పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. హైదరాబాదు పిల్ల అయితే అనుమానపడేదేమో.

రిపోర్టులో ఒక బొమ్మ పెడదామని ఆమె ఆ టేబులును వరుసల వారీగా తెర మీద పరిచింది. నిండిన గడి నల్లగా, ఖాళీ గడి తెల్లగా. చూస్తే ఒక వరుస మొత్తం నలుపు, ఒక వరుస చాలావరకు తెలుపు, మళ్లీ నలుపు, మళ్లీ తెలుపు. చారల తువ్వాలు పరిచినట్టుంది. నల్లవన్నీ సరి వరుసలు. తెల్లవన్నీ బేసి వరుసలు.

ముందు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. సరి నంబరు మనిషి పని సరి వరుసకే పోతుంది, సరి అంటే కిందూరు. నల్ల గడుల్లో ఏముందో తెరిచి చూసింది. అన్నీ ప్రింట్లే! రాజీ ప్రకారం ప్రింటు తీసే పని కిందూరు కుర్చీది. ఒక్కో కాగితానికీ ప్రింటు ప్రోగ్రాము కొత్తగా మొదలవుతుంది, కొత్తగా మొదలైన ప్రతిదానికీ ఒక కొత్త గడి. పొద్దెక్కకముందే కిందూరోళ్ల వరుసలన్నీ ఆ ప్రింట్లతో కిక్కిరిసిపోయాయి. ఆ తర్వాత వాళ్ల కుర్చీల్లోంచి ఏం మొదలైనా, అది ఎంత పెద్దదైనా, లోపలికి రానే లేదు. మధ్యాహ్నం మిషన్ బిగుసుకున్నప్పుడు కాపలా కళ్లకు కనిపించినవాళ్లు పైవూరోళ్లు మాత్రమే. వాళ్లలో పెద్ద అంకె ఓబులయ్యది. నంబర్లు సరి బేసిగా పంచుకున్నారని ఫ్యాక్టరీలో టీ పోసేవాడికి కూడా తెలుసు. అరుణకుమారికీ తెలుసు. గాలి ఉందని తెలిసినట్టు తెలుసు, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఏంది పాపా, మొగం అట్ల పాలిపోయింది?" కాఫీ తెచ్చిన దేవపాలు సారు గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

"నాన్నా, ఓబులయ్య పేరు నేను చెప్పకుండా ఉండల్సింది. నా టేబులే తప్పు."

"తప్పంటే? ఆయప్ప కాదా?"

"కాదని చెప్పలేను. అవునని కూడా చెప్పలేను. కిందూరోళ్ల పనులు శానావరకు లోపలికే రాల్యా. రానోటిలో ఏముండాదో నాకు తెలీదు."

ముసలాయన గ్లాసు నేల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "పంచాయితీలో చెప్పిన మాటను వెనక్కి తీసుకునేది నా జన్మలో చూడల్యా పాపా."

"అయినా చెప్పల్ల గదా. ప్రొద్దుటూరికి పోతాండా, చిన్నసుబ్బమ్మ కాడికి."

"వద్దు. కొడుకును మట్టిలో పెట్టి ఇంగా కండ్లనీళ్లు ఆరల్యా ఆయమ్మకు."

"నువ్వు పులివెందులకు పో నాన్నా. ఓబులయ్య ఫోను ఆపేసినాడు. నేను ఈ ముడి ఇప్పేదాకా యాడికీ కదలొద్దని చెప్పు. నీ మాట వింటాడు, నీ కాడ చదువుకున్నోడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. దేవపాలు సారు చెప్పులేసుకుని ముద్దనూరు బస్సు కోసం బయల్దేరాడు. అరుణకుమారి ప్రొద్దుటూరు బస్సెక్కింది.

కిందూరికి పెద్దయినా చిన్నసుబ్బమ్మ కాపురం ప్రొద్దుటూరులోనే, బంగారం అంగళ్ల బజారు వెనక సందులో. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబట్టి గేటు ముందు సుమోలు, లోపల జెండాల కట్టలు, వసారా నిండా జనం. చావింట కూడా పార్టీ పని ఆగదు. చిన్నప్పుడు గొర్రెల వెనక తిరిగిన మనిషామె. భర్తను పైవూరోళ్లు నరికేశాక ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, కొంగు బిగించి పార్టీని నెత్తికెత్తుకుంది. అక్షరం ముక్క రాదు. కానీ ఎదుటి మనిషి నోరు తెరవకముందే లోపలేముందో చదివేస్తుంది.

ఆమె డ్రైవరు సంజీవయ్య, కుడిభుజం కూడా అతనే. అరుణకుమారిని చూసి మర్యాదగా కుర్చీ వేశాడు. "మిషన్ పాప వచ్చిందప్పా, జరగండి" అని జనాన్ని పక్కకు నెట్టాడు. ఎవరో మజ్జిగ తెచ్చిచ్చారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుందామని వచ్చిన మనిషికి మజ్జిగ గొంతు దిగుతుందా? ఆ మర్యాద చూసేకొద్దీ ఆమెకు భయం పెరిగింది. భోజనాల వేళ దాటింది. వసారాలో జనం పల్చబడ్డాక లోపలినుంచి పిలుపు వచ్చింది.

గదిలో చిన్నన్న ఫోటోకు వేసిన పూలదండ తాజాగా ఉంది. దాని కింద మంచం మీద చిన్నసుబ్బమ్మ కూర్చుని ఉంది. ముందున్న పళ్లెంలో సంగటి ముద్ద చెయ్యి పెట్టకుండానే ఎండిపోతోంది. సంజీవయ్య వాకిలి దగ్గర నిలబడి కారు తాళాలు ఆడిస్తున్నాడు.

"రా పాపా. బువ్వ తింటివా?"

"ఆకలి ల్యా పెద్దమ్మా. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా."

"చెప్పు."

"ఓబులయ్య పేరు వెనక్కి తీసుకుంటాండా."

తాళాల చప్పుడు ఆగింది. చిన్నసుబ్బమ్మ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. "ఎవురు బెదిరించినారు?" అని మాత్రం అడిగింది.

"ఎవురూ బెదిరించల్యా."

"పైవూరోళ్లు మీ నాయన కాడికి వచ్చినారా?"

"ఎవురూ రాల్యా పెద్దమ్మా. తప్పు నాది. నేను కట్టినదాంట్లోనే తప్పుండాది."

ఎట్లా చెప్పాలో బస్సులో వస్తూ దారంతా ఆలోచించుకుంది. "పెండ్లిలో బంతి ఏసేటప్పుడు ఆకులు ముందే పరుస్తారు గదా. నేను రెండు పందిళ్లలో పరిచినా. ఒకటి పైవూరోళ్లకు, ఒకటి మీకు. ఆకులు రెండుపక్కలా సమానమే. అయితే మీ పందిట్లోకి పొద్దున్నే ప్రింట్లు వచ్చి కూర్చున్యాయి. ఆకులన్నీ అయిపోయినాయి. ఆ తర్వాత మీ పక్క నుంచి వచ్చినోళ్లను నా కాపలావాడు లోపలికి రానీల్యా. మొగం కూడా చూడల్యా. ఆ మధ్యాన్నం ఎవురు ఎక్కువ తిన్యారని మీరు అడిగినారు. కూర్చున్నోళ్లలో ఎంచి చెప్పినా నేను."

చిన్నసుబ్బమ్మ అడిగిన ప్రశ్నకు అరుణకుమారి అదిరిపడింది.

"పైవూరు పందిట్లో ఆకులు మిగిలినాయా?"

"మిగిలినాయి. సగానికి పైనే."

"అంటే వాళ్లంతా లెక్కలోకి వచ్చినారు. మావోళ్లు రాల్యా."

"అవును పెద్దమ్మా."

"బయట నిలబడినోళ్లలో ఎవురుండారు?"

"తెలీదు."

"మల్లా చూడు."

"చూసేదానికి ఏమీ లేదు. ఇంతమందిని పంపించేస్తి అని అంకె ఒకటే ఉండాది. వాళ్లెవురన్నది యాడా లేదు. ఇంగ ఎప్పటికీ దొరకదు."

"అంటే," చిన్నసుబ్బమ్మ గొంతు ఇంకా నిమ్మళంగానే ఉంది, "నా కొడుకును నా ఊరోడే సంపినాడని చెప్పేదానికి వచ్చినావు."

"అట్ల చెప్పల్యా! కావచ్చు, కాకపోవచ్చు. ఎవురూ సంపల్యేమో. మిషన్ దానంతట అదే బిగుసుకున్యాదేమో. ఫలానా మనిషని చెప్పేదానికి నాకాడ ఏమీ లేదని చెప్తాండా."

అప్పుడు చిన్నసుబ్బమ్మ మొదటిసారి ఫోటో వైపు తిరిగింది. "మా ఆయప్పను నరికినప్పుడు ఫలానావాడని పేరుండె. నా మరిది పోయినప్పుడూ ఉండె. పేరుంటే పట్టుకుని ఏడ్చేదానికన్నా ఉంటాది. నా చిన్నోనికి ఎవురూ లేరా పాపా? ఊరికే పోయినాడా?"

అరుణకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత దుఃఖం ఎదురుగా పెట్టుకుని గడులు, వరుసలు అంటూ మాట్లాడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆగలేదు. "మల్లా పెడతా పెద్దమ్మా. ఈసారి గడులు ఎక్కువ పెడతా. నంబరును బాగా కలగలిపి వరుస ఎంచుతా, సరీ బేసీ అని తేడా రాకుండా. వదిలేసినవి యా పక్కవో కూడా విడివిడిగా లెక్క పెడతా."

"అది రేపటి సంగతి చెప్తాది. నా కొడుకు పోయిన దినం సంగతి చెప్తాదా?"

"చెప్పదు."

"మరింగ దేనికి?"

చిన్నసుబ్బమ్మ పళ్లెం పక్కకు జరిపి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"నిన్న పంచాయితీ అయినాకనే పైవూరు పెద్ద కబురు పంపినాడు. ఓబులయ్య మావోడు గాదు, మీ ఇష్టం అని. అంటే ఏంది? ఆయప్పకు కూడా రాజీ కావల్ల. ఎలెక్షన్లు పెట్టుకుని ఊరు తగలబడితే ఆయప్పకు ఓట్లు రావు, నాకూ రావు. ఈ గొడవ ఒక్క మనిషితో పోతాది. ఈ దినం నేను వసారాలోకి పోయి, ఓబులయ్య కాదంట, మా ఊరోడు కావచ్చంట అని చెప్తే ఏమైతాది? ఆ దినం కుర్చీలో ఎవురు కూర్చున్యారని నా పిల్లోల్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. మా మనిషి మీద అబాండం ఏస్తిరని పైవూరోళ్లు లేస్తారు. ఎంతమంది పోతారో నువ్వే లెక్కేసి చెప్పు. లెక్కలు నీ పనే గదా."

"అట్లని చెయ్యనోన్ని సంపుతారా?"

"చెయ్యల్యా?" చిన్నసుబ్బమ్మ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది. "ఓబులయ్య చెయ్యల్యా? చెప్పు. మీ ఏసు మీద ఒట్టేసి ఆ మాట అను. ఈడనే ఇడిచిపెడతా."

ఇదీ ఉచ్చు. ఉచ్చు బిగించినామెకు కూడా అది ఉచ్చని తెలుసో లేదో! ఓబులయ్య చెయ్యలేదని అరుణకుమారికి తెలియదు. తెలియదన్నది ఒక్కటే ఆమెకు తెలుసు. కానీ ఒక్క అబద్ధానికి ఒక ప్రాణం దక్కుతుందంటే ఏ బైబిలు అడ్డం వస్తుంది?

"ఓబులయ్య కాదు," అంది. "ఏసయ్య మీద ఒట్టు. ఆయప్ప కాదు."

చిన్నసుబ్బమ్మ తల అడ్డంగా ఊపింది. కోపం లేదు. జాలి ఉంది, అదే ఘోరం. "ఇందాకటినుంచి నిజం చెప్తాంటివి, నమ్మినా. ఇప్పుడు అబద్ధమాడినావు పాపా. నీకు అలవాటు ల్యా."

అరుణకుమారి మళ్లీ ఏదో అనబోయేలోగా ఆమె బ్యాగులో ఫోను మోగింది. నాన్న. పులివెందుల చేరినట్టున్నాడు. తియ్యమన్నట్టు చిన్నసుబ్బమ్మ సైగ చేసింది.

"పాపా," దేవపాలు సారు ఆయాసపడుతున్నాడు, "ఓబులయ్య ఈడ లేడు. పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కినాడంట. ఓబమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చినా నిలబడల్యాంట. యాడికి పోతాండావని అడిగితే, చిన్నసుబ్బమ్మత్త కాడికని చెప్పినాడంట!"

గది చిన్నది, ఫోనులోని మాటలు అందరికీ వినిపించాయి. సంజీవయ్య వాకిలి దాటి వసారాలోకి వెళ్లాడు. అక్కడ గోల లేచింది. ఒకరిద్దరు అరిచారు, కుర్చీ పడిన చప్పుడైంది. సంజీవయ్య తిరిగి వచ్చాడు. ముఖంలో రంగు లేదు.

"అక్కా, వచ్చినాడు. ఒక్కడే."

ఓబులయ్య లోపలికి వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే వదిలేసినట్టున్నాడు, కాళ్లకు దుమ్ము పట్టి ఉంది. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు చేతిలో ఉంది. నలభై దాటని మనిషి ఒక్క రోజులో ముసలివాడైపోయాడు. మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. పక్షాలు వేరైనా ఒకే ఊరివాళ్లు, పుట్టినప్పటినుంచీ ఆమెను అతను పిలిచే పిలుపు ఒకటే.

"అత్తా, నేనే," అన్నాడు. "కావాలని చెయ్యల్యా. అయినా నేనే."

"కాదు!" అరుణకుమారి అరిచేసింది. "ఓబులయ్యన్నా, నా మాట విను. నా టేబుల్ తప్పు. కిందూరోళ్ల పనులు దాంట్లోకే రాల్యా. నీ పేరు పైనుండేది నువ్వు చేసినావని కాదు, మిగిలినోళ్లు కనపడక! నువ్వు చేసినావని ఎవురూ చెప్పలేరు, నేను కూడా చెప్పలేను!"

ఓబులయ్య ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "సారు బిడ్డవు, నా మీద దయతో చెప్తాండావు. నాకు ఎరికే అమ్మా. ఆ మధ్యాన్నం నేను బట్టీ వేడి చూపించే పాత గ్రాఫు తెరిచినా. ఏడాది పొడుగుది, శానా పెద్దది. అంత పెద్దది తెరవొద్దని మాకు చెప్పినారు కూడా. నేను తెరిచినాకనే మిషన్ బిగుసుకున్యాది. రాత్రంతా అదే తలుచుకుంటాండా. నీ మిషన్ చెప్పకపోయింటే నాకు తెలిసేదే గాదు."

"గ్రాఫు ఒక్కటే కాదన్నా, ఇంగా ఏముండాయో..."

"ఉండనీ. నాది ఉండాది గదా."

చిన్నసుబ్బమ్మ మంచం మీదినుంచి ముందుకు వంగింది. ఇంతసేపూ నిమ్మళంగా ఉన్న గొంతు ఇప్పుడు పగిలింది. "ఆ గ్రాఫు తెరిచినప్పుడు నా కొడుకు ఆ తలుపు కాడ ఉండాడని నీకు ఎరికేనా?"

లేదని ఒక్క మాట అంటే చాలు. అనమని అరుణకుమారి మనసులోనే మొక్కుకుంది.

"ఎరికే అత్తా," అన్నాడు ఓబులయ్య. "దానికి ముందే తెర మీద వేడి తేడాగా కనపడె, అందుకే పాతది తెరిచి పోల్చుకుందామనుకున్యా. చిన్నన్నకు నేనే ఫోను చేసినా. రొంత ఆ తలుపు కాడికి పోయి చూడు అబ్బీ అని చెప్పినా. నేను చెప్తేనే పోయినాడు."

చిన్నసుబ్బమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆమెలో తల్లి లేదు, కిందూరు పెద్ద ఒక్కతే ఉంది.

"సంజీవయ్యా, ఈ పాపను బస్టాండులో దింపి రా. వసారాలో ఉండేవాళ్లను ఇండ్లకు పొమ్మని చెప్పు. గేటు ఏసి పో."

అరుణకుమారి లేవలేదు. ఓబులయ్య పక్కన నేల మీద కూలబడి అతని చెయ్యి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. తాను ఇక్కడినుంచి కదిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. "నేను పోను," అంది. "పెద్దమ్మా, నేను పోను. నన్ను కూడా ఈడనే ఉండనీ." సంజీవయ్య వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ముట్టుకోవడానికి సందేహిస్తున్నాడు.

"పో అరుణమ్మా," అన్నాడు ఓబులయ్య మెల్లగా. "నువ్వేమీ బాధపడొద్దు. నీ మిషన్ సరిగ్గానే చెప్పింది."

అని, ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా తన చేతి మీదినుంచి విడదీయసాగాడు.